అందరి ఇల్లు ఎవరిది? లండన్‌లో రెండు రోజుల ప్లాను



ఈ వారం మన సీరియల్ కొంచెం దారి మళ్లుతోంది. వచ్చే నెల ఒక సెమినార్‌లో పేపర్ చదవడానికి ఇంగ్లండ్ వెళ్తున్నాను. సెమినార్ అయ్యాక తిరుగు విమానానికి రెండు రోజులు టైముంది. ఆ రెండు రోజులూ లండన్‌లో ఉంటాను. నా పాత స్టూడెంట్ ఒకడు అక్కడ ఎమ్మెస్సీ చేస్తున్నాడు. "సార్, ప్లాను నాకొదిలెయ్యండి" అని వాట్సాప్‌లో లిస్టు పంపాడు. లండన్ ఐ, బకింగ్‌హామ్ ప్యాలెస్, బిగ్ బెన్ ముందు ఫొటో, టవర్ ఆఫ్ లండన్‌లో కోహినూరు. చివర్లో ఒక మాట: "రాత్రికి పబ్బు. లండన్ వచ్చి పబ్బుకు పోకపోతే ఎలా సార్?"

నేను తాగను. మా అమ్మ తరం ఆడవాళ్లు సారా వల్ల ఏం పోగొట్టుకున్నారో చూసినవాణ్ణి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా అంగడి మూయించిన కథ క్లాసులో చెప్పేవాణ్ణి. కాబట్టి పబ్బు అనగానే ముందు "వద్దులే తమ్ముడూ" అని రాశాను. రాసి, పంపకుండా ఆగిపోయాను. పబ్ అంటే పబ్లిక్ హౌస్ అన్న మాటకు పొట్టి రూపం. మన భాషలో చెప్పుకుంటే అందరి ఇల్లు.

అందరి ఇల్లు! మా ఊళ్లో కల్లుపాక దగ్గర మా తాతకు ముంత ఇచ్చేవాళ్లు కాదట. తాటాకు దొప్ప పట్టుకుని దూరంగా కూర్చుంటే పైనుంచి పోసేవాళ్లట. మా నాన్న కాలానికి టీ హోటలొచ్చింది. మా పేటవాళ్ల గ్లాసులు చూరులో గుచ్చి ఉండేవి. ఎవరి గ్లాసు వాళ్లు తీసుకుని, తాగి, కడిగి, మళ్లీ అక్కడే పెట్టాలి. రెండు గ్లాసుల పద్ధతి అని మనం వ్యాసాల్లో రాసేది ఆ చూరు గురించే. డబ్బులు మాత్రం అందరి దగ్గరా ఒకటే తీసుకునేవాళ్లు.

అందుకని స్టూడెంట్ లిస్టు పక్కనపెట్టి నా లిస్టు నేను రాసుకున్నాను. ప్రతి చోటుకీ ఒకటే ప్రశ్న వేశాను: ఇది అందరిదీ అంటున్నారు కదా, ఆ అందరిలో ముందు ఎవరు లేరు? తలుపు ఎవరు తీయించారు?

మొదట కొట్టేసింది కోహినూరు. టవర్‌కు పోతే సగం రోజు పోతుంది, టికెట్ కూడా గట్టిదే. కోహినూరు మన గుంటూరు ప్రాంతపు కొల్లూరు గనుల్లో దొరికిందనే ఎక్కువమంది అంటారు. 17వ శతాబ్దంలో ఆ గనులు చూసిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే అక్కడ దాదాపు 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. మగవాళ్లు తవ్వుతుంటే ఆడవాళ్లూ పిల్లలూ మట్టి మోసేవాళ్లు. వజ్రాన్ని పెట్టుకున్న రాజులూ రాణుల పేర్లన్నీ మనకు తెలుసు. ఆ 60,000 మందిలో ఒక్కరి పేరూ తెలియదు. పేరు మిగిలినవాడు ఒకడు వేరేచోట ఉన్నాడు. అందుకే మొదటిరోజు పొద్దున్నే నా మొదటి మజిలీ బ్రిటిష్ మ్యూజియం.

మొదటిరోజు పొద్దున: గది 33ఎ

బ్రిటిష్ మ్యూజియంలో ప్రవేశం ఉచితం. అందులో 33ఎ నంబరు గదిలో అమరావతి స్తూపం పలకలున్నాయి. రాతికి తేమ తగలకుండా అద్దాలు బిగించిన గది. ఆ రాళ్లు అక్కడికెలా చేరాయో మీలో చాలామందికి తెలుసు. 18వ శతాబ్దం చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిని తన రాజధాని చేసుకున్నాడు. దిబ్బను తవ్వి రాళ్లను కట్టడాలకు వాడుకున్నారు. సంగతి తెలిసి కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు, తర్వాత బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి చాలా పలకలు మద్రాసుకు చేర్చాడు. 1859లో అందులో పెద్ద భాగం ఓడెక్కి లండన్ పోయింది. తెల్లవాడు దోచుకున్నాడన్న మాట నిజమే. కానీ అంతకుముందే ఆ రాళ్లను గోడల్లో పెట్టుకున్నది మనవాళ్లేనన్నది కూడా నిజమే. బౌద్ధం మీద ఈ నేలకున్న మరుపు తెల్లవాడు రాకముందే మొదలైంది.

ఇప్పుడు అసలు విషయం. తెలుగు ఎం.ఏ. చదివినవాళ్లందరూ "నాగబు" అన్న మాట బట్టీపట్టి ఉంటారు. అమరావతి శాసనంలో వేటూరి ప్రభాకరశాస్త్రి గారు గుర్తించిన తొలి తెలుగు పదం. నెట్ పరీక్షలో ఒక మార్కు. నేనూ బట్టీపట్టాను, నా పిల్లలతోనూ పట్టించాను. అదే అమరావతి శాసనాల్లో ఇంకొక పేరుంది. దాన్ని నాకు ఏ క్లాసులోనూ ఎవరూ చెప్పలేదు. పీహెచ్‌డీలో వేరే పనిమీద శాసనాల సంపుటాలు తిరగేస్తుంటే కనపడింది. విధికుడు. ఆ పేరుకు ముందు వృత్తి: చమ్మకార. తోలుపని చేసేవాడు. ప్రాకృతంలో ఉన్న ఆ శాసనం సారాంశం ఇది: ఉపాధ్యాయుడైన నాగుడి కొడుకు, చర్మకారుడు విధికుడు, తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, పిల్లలతో, బంధుమిత్రులతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలకను దానమిచ్చాడు.

ఒక్కసారి నెమ్మదిగా చదవండి. తండ్రి చదువు చెప్పేవాడు, కొడుకు తోలుపనివాడు. ఇద్దరి పనులూ ఒకే వాక్యంలో ఉన్నాయి. ఒకటి దాచిపెట్టి ఇంకొకటి చెప్పుకోలేదు. స్తూపానికి బిక్షువులూ వర్తకులూ గృహిణులూ ఇచ్చిన పలకల వరసలోనే ఇతని పలకా ఉంది. ఆ కాలంలో కులం లేదని నేను అనను. ఒక శాసనం పట్టుకుని అంతమాట అంటే అది చరిత్ర రాయడం కాదు, కోరిక రాసుకోవడం. విధికుణ్ణి మాదిగ అని కూడా అనను, ఆ పేరుకూ ఈ పేరుకూ మధ్య దాదాపు రెండువేల ఏళ్లున్నాయి. నేను అనగలిగింది ఇంతే: చర్మకారుణ్ణని రాయిమీద రాయించుకోవడానికి ఆయన సిగ్గుపడలేదు. దాన్ని పెట్టించుకోవడానికి స్తూపం సిగ్గుపడలేదు.

ఇంకో సంగతి. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కొత్త రాజచిహ్నం ప్రకటించింది. దాని నడుమ ఉన్నది పూర్ణఘటం. చెప్పులు కుట్టే విధికుడు దానం చేసిన పూర్ణఘటం అని ఆ చిహ్నం వివరణలోనే ఉంది. మనకు కుల ధ్రువపత్రం ఇచ్చేది ఆ చిహ్నం పెట్టుకున్న ప్రభుత్వమే. మన పిల్లవాడు ఆ కాగితం కోసం ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరుగుతాడు. తిప్పించే మనిషి బల్లమీద ఆ పూర్ణఘటమే ఉంటుంది. అది ఎవరిచ్చిందో ఇద్దరికీ తెలియదు.

33ఎ గదిలో నేను రెండు గంటలు పెట్టుకున్నాను. స్టూడెంట్‌కు చెబితే "రాళ్లకు రెండు గంటలా సార్" అన్నాడు. వస్తే తెలుస్తుంది.

మధ్యాహ్నం: రసెల్ స్క్వేర్‌లో ఒక హోటలు

మ్యూజియం వెనకవైపు నుంచి బయటపడితే కొద్ది నిమిషాల్లో రసెల్ స్క్వేర్. అక్కడ ఇంపీరియల్ హోటల్ ఉంది. పాత భవనం 1960ల్లో కూల్చి కొత్తది కట్టారు, పేరు అదే. 1943 జూలై 30న వెస్టిండీస్ క్రికెటర్ లియరీ కాన్‌స్టంటైన్ భార్యా కూతురితో ఆ హోటల్‌కు వచ్చాడు. లార్డ్స్‌లో మ్యాచ్ ఉంది. నాలుగు రాత్రులకు ముందే గది బుక్ చేసుకున్నాడు. అప్పటికాయన బ్రిటిష్ కార్మిక శాఖలో సంక్షేమాధికారి కూడా. తీరా వచ్చాక ఒక్క రాత్రే ఉండనిస్తామన్నారు. నల్లవాళ్లుంటే తెల్ల అతిథులకు, ముఖ్యంగా అమెరికన్ సైనికులకు, నచ్చదట.

ఆయన కేసు వేశాడు. 1944లో గెలిచాడు. అప్పటికి ఇంగ్లండ్‌లో వర్ణవివక్షను తప్పనే చట్టమే లేదు. మరి దేనిమీద గెలిచాడు? ఒక పాత న్యాయసూత్రం మీద. దారినపోయే ప్రయాణికుడు వచ్చి బస అడిగితే, గది ఉండి, డబ్బు చెల్లించగలిగితే, సత్రంవాడు సరైన కారణం లేకుండా కాదనకూడదు. కోర్టు ఇచ్చిన పరిహారం 5 గినీలు, అంటే నామమాత్రం. కాన్‌స్టంటైన్‌కు కావలసింది ఆ 5 గినీలు కాదు, తీర్పు.

పబ్బుకు మాత్రం ఆ సూత్రం వర్తించేది కాదు. తాగడానికి వచ్చినవాణ్ణి పబ్బువాడు కాదనొచ్చు. యుద్ధం తర్వాత వలస వచ్చిన కరీబియన్లనూ పంజాబీలనూ చాలా పబ్బులు అలాగే కాదన్నాయి. బర్మింగ్‌హామ్ పక్కన స్మెథ్‌విక్‌లో ఇండియన్ వర్కర్స్ అసోసియేషన్ దీనిమీద పోరాడింది. వాళ్ల పిలుపు మీద 1965 ఫిబ్రవరి 12న మాల్కం ఎక్స్ ఆ ఊరొచ్చాడు. ఆ తర్వాత తొమ్మిది రోజులకే న్యూయార్క్‌లో ఆయన్ను చంపేశారు. ఆ సంవత్సరం చివరికి బ్రిటన్‌లో మొదటి జాతి సంబంధాల చట్టం వచ్చింది. హోటళ్లలో, పబ్బుల్లో, బస్సుల్లో రంగును బట్టి కాదనడం చట్టవిరుద్ధమైంది. అంటే ఆ దేశంలో "పబ్లిక్ హౌస్" అన్న బోర్డు వేలాడదీసిన కొన్ని వందల ఏళ్లకు ఆ మాట చట్టంలో కొంతవరకైనా నిజమైంది.

మనకు 1950 నుంచే రాజ్యాంగంలో 15(2) ఉంది. దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు అని పేరుపేరునా రాశారు. బ్రిటన్ కన్నా 15 ఏళ్లు ముందు! అయినా 1985 జూలై 17న కారంచేడులో మాదిగలను చంపింది, తాగునీటి చెరువు దగ్గర మొదలైన గొడవ మీదే. చట్టం ముందు పుట్టడం ఒకటి, ఊళ్లోకి నడిచి రావడం ఒకటి.

సాయంత్రం: ఎల్.ఎస్.ఇ., ఎక్సెటర్ స్ట్రీట్

రసెల్ స్క్వేర్ నుంచి హోబర్న్ మీదుగా కింగ్స్‌వే దిగి నడిస్తే లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్. బాబాసాహెబ్ 1916లో ఇక్కడ చేరారు. బరోడా స్కాలర్‌షిప్ గడువు అయిపోయి 1917లో వెనక్కి పోవలసి వచ్చింది. 1920లో మళ్లీ వచ్చి, 1923లో డి.ఎస్‌సీ. పూర్తిచేశారు. ఇప్పుడక్కడ ఆయన విగ్రహం ఉంది. దండ పెట్టి ఫొటో దిగే పని పది నిమిషాలది. నేను అక్కడినుంచి ఇంకో పది నిమిషాలు నడిచి, కోవెంట్ గార్డెన్ దగ్గరి ఎక్సెటర్ స్ట్రీట్‌కు పోదామనుకుంటున్నాను. చిన్న సందు. టూరిస్టు పుస్తకాల్లో పెద్దగా కనపడదు.

1792 జనవరిలో ఆ సందులోని బెల్ అనే పబ్బులో తొమ్మిదిమంది కూర్చున్నారు. పిలిచినవాడు థామస్ హార్డీ, స్కాట్లండ్ నుంచి బతకడానికొచ్చిన చెప్పులు కుట్టేవాడు. వారానికి ఒక పెన్నీ చందా. లండన్ కరెస్పాండింగ్ సొసైటీ అని పేరు. ప్రతి మగవాడికీ ఓటు కావాలన్నది వాళ్ల డిమాండు. సభ్యుల సంఖ్యకు పరిమితి ఉండకూడదన్నది వాళ్ల మొదటి నియమాల్లో ఒకటి. అంటే ఎవరైనా రావచ్చు. చేతిపనివాళ్లమైన మనకు పార్లమెంటు సంస్కరణ అడిగే హక్కుందా అని ఐదు రాత్రులు చర్చించుకుని, ఉందని తేల్చుకున్నారు. అదే సంవత్సరం హార్డీ ఇంట్లో ఒక మనిషి ఉండి తన ఆత్మకథ కొత్త ముద్రణ సరిచూసుకున్నాడు. ఆయన ఒలాడా ఈక్వియానో, బానిసత్వం నుంచి తనను తాను కొనుక్కుని బయటపడ్డ నల్లవాడు. ఆయనా సొసైటీలో సభ్యుడే.

ప్రభుత్వం ఊరుకోలేదు. 1794 మేలో హార్డీని రాజద్రోహం కింద పట్టుకుని టవర్‌లో పెట్టింది. అవును, కోహినూరు ఇప్పుడున్న ఆ టవర్‌లోనే. నౌకాదళ విజయం సంబరాల్లో ఒక గుంపు ఆయన ఇంటిమీద పడింది. గర్భవతిగా ఉన్న భార్య లిడియా ఆ తర్వాత కాన్పులో చనిపోయింది. నవంబరు 5న జ్యూరీ హార్డీ నిర్దోషి అంది. ఇంగ్లండ్ కార్మికవర్గ చరిత్రలో ఒక పెద్ద అధ్యాయం పబ్బులో, ఒక చెప్పులు కుట్టేవాడి బల్ల దగ్గర మొదలైంది.

అందుకే పబ్బును తాగుడు కొట్టు అని నేను తేలిగ్గా కొట్టేయలేకపోయాను. హాలు కట్టుకునే డబ్బులేనివాళ్లకు అదే మీటింగు హాలు. మనకు అలాంటి చోటు చెట్టుకింద, చర్చి అరుగుమీద, హాస్టల్ గదిలో దొరికింది. టీ హోటల్ బల్లమీద దొరకలేదు. కూర్చోనివ్వలేదు కాబట్టి.

రెండోరోజు: కింగ్ హెన్రీస్ రోడ్, నంబరు 10

పొద్దున చాక్ ఫార్మ్ స్టేషన్‌లో దిగి నడిస్తే కింగ్ హెన్రీస్ రోడ్డు. 1921, 22లో బాబాసాహెబ్ అద్దెకున్న ఇల్లు. 2015లో మహారాష్ట్ర ప్రభుత్వం కొని స్మారకం చేసింది. ఆ తర్వాత ఇరుగుపొరుగు నుంచి అభ్యంతరాలొచ్చాయి. ఇళ్ల మధ్య మ్యూజియమేమిటి, జనం వస్తారు, గోల అవుతుంది అని. స్థానిక కౌన్సిల్ అనుమతి ఇవ్వలేదు. విచారణ జరిగి, 2020 మార్చిలో ప్రభుత్వం మ్యూజియంగా ఉండనిచ్చింది. చూశారా, ఇక్కడా అదే తగువు: ఈ ఇల్లు ప్రైవేటా, పబ్లిక్కా?

ఈ తగువు బాబాసాహెబ్‌కు కొత్త కాదు. లండన్ డి.ఎస్‌సీ. వచ్చిన నాలుగేళ్లకు, 1927 మార్చి 20న, ఆయన మహాడ్‌లో చౌదార్ చెరువు నీళ్లు దోసిట పట్టారు. మున్సిపాలిటీ ఆ చెరువు అందరిదని అంతకుముందే తీర్మానించింది. సవర్ణులు చెరువును పేడా గోమూత్రాలతో శుద్ధి చేసి, ఇది మా సొంత చెరువని కోర్టుకెక్కారు. ఆ కేసు 1937లో బొంబాయి హైకోర్టులో తేలింది, మనవైపే. పబ్లిక్ అన్న ఒక్క మాటకు అర్థం తేల్చడానికి పదేళ్లు పట్టింది.

ఆ ఇంట్లో పుస్తకాలు, మంచం చూసి, పక్కనే ఉన్న ప్రిమ్‌రోజ్ హిల్ ఎక్కి కూర్చుంటాను. అక్కడినుంచి ఊరంతా కనపడుతుందట.

రెండోరోజు సాయంత్రం: పబ్బు

చివరికి పబ్బు కూడా ప్లానులో ఉంది. హోబర్న్‌లో ప్రిన్సెస్ లూయీస్. విక్టోరియా కాలపు పద్ధతిలో చెక్క అడ్డాలూ చెక్కుడు అద్దాలూ ఉన్న పబ్బు. ఆ అడ్డాలు అందానికి పెట్టినవి అనుకోకండి. ఆ రోజుల్లో ఒకే పబ్బులో కూలీలకు ఒక గది, దొరబాబులకు ఒక గది. దొరల గదిలో ధర కాస్త ఎక్కువ. తాగే సీసా ఒకటే అయినా ముఖాలు కనపడకూడదు. మన రెండు గ్లాసులు గుర్తొస్తాయి. తేడా కూడా గుర్తుపెట్టుకోవాలి. అక్కడ కూలీ చేతిలో ఇంకో పెన్నీ ఉంటే ఆ పక్క గదిలోకి పోవచ్చు. మా నాన్న చేతిలో వంద రూపాయలున్నా గ్లాసు చూరులోంచి దిగలేదు. ఆడవాళ్లకు ఇంకో లెక్క. ఫ్లీట్ స్ట్రీట్‌లోని ఎల్ వినో అనే వైన్ బార్‌లో ఆడవాళ్లు కౌంటరు దగ్గర నిలబడితే పొయ్యరు, వెనక గదిలో కూర్చోవాలి. 1982లో ఇద్దరు మహిళలు కోర్టులో గెలిస్తేగానీ అది పోలేదు.

ఈ ప్లానంతా పంపాక స్టూడెంట్ చాలాసేపు జవాబివ్వలేదు. రాత్రి ఫోన్ చేశాడు. "సార్, పబ్బులో నన్నెవరూ ఏమీ అడగరు. రూము కోసం పోతేనే అడిగారు." తూర్పు లండన్‌లో తెలుగు కుర్రాళ్లుండే ఇంట్లో మంచం ఖాళీ ఉందంటే పోయాడట. ఏ ఊరు, ఏ కాలేజీ అని మొదలై, "మీరేమిట్లు?" దగ్గరికొచ్చింది. వీడు చెప్పాడు. మర్నాడు మెసేజ్: సారీ బ్రో, మంచం వేరేవాళ్లు తీసుకున్నారు. వారం తర్వాత కూడా ఆ ప్రకటన అలాగే ఉంది.

బ్రిటన్ సమానత్వ చట్టంలో కులాన్ని చేర్చాలని 2013లో పార్లమెంటు నిర్ణయించింది. 2018లో ప్రభుత్వం ప్రత్యేకంగా చేర్చనక్కర్లేదు, కోర్టు తీర్పులు చాలంది. తెల్లవాడి తలుపు కాన్‌స్టంటైన్ తట్టాడు, స్మెథ్‌విక్ కార్మికులు తట్టారు, తెరుచుకుంది. అదే వీధిలో మనవాడు అద్దెకు తీసుకున్న ఇంటి తలుపు మన పిల్లవాడికి మూసుకుంది. ఆ కుర్రాళ్లు ఏ మ్యూజియానికీ పంపకుండా, జాగ్రత్తగా సూట్‌కేసులో పెట్టుకుని తీసుకెళ్లింది ఆ ఒక్క ప్రశ్ననే.

కాబట్టి మిత్రులారా, లండన్ పోయే మీ పిల్లలకు ఈ ప్లాను ఇవ్వండి. హీత్రూ నుంచి పికడిల్లీ లైను ఎక్కితే కోవెంట్ గార్డెన్, హోబర్న్, రసెల్ స్క్వేర్ వరసగా వస్తాయి. మొదటిరోజు చోట్లన్నీ నడకే, టికెట్ లేదు. పబ్బులో బల్ల దగ్గరికి ఎవరూ రారు, కౌంటరు దగ్గరికి మనమే పోయి అడగాలి. నలుగురు కలిసి పోతే ఒక్కొక్కరు ఒక్కో విడత అందరికీ కొనాలి, అది అక్కడి మర్యాద. తాగనివాళ్లు నిమ్మరసం సోడా అడగొచ్చు, ఎవరూ నవ్వరు.

నేనదే అడుగుతాను. ఇద్దరికీ, ఒకే రకం గ్లాసుల్లో. మొదటి విడత నాది. ఆ బల్లమీద మా తాత దొప్ప సంగతి వాడికి చెప్తాను, విధికుడి సంగతి చెప్తాను. రూము సంగతి వాడు ఇంకొకసారి నిదానంగా చెప్తే నోటుబుక్కులో రాసుకుంటాను. వాడి పేరు రాయను. తేదీ రాస్తాను. రేపు ఆ చట్టం మళ్లీ చర్చకొచ్చినప్పుడు మన దగ్గర కాగితం ఉండాలి కదా.

మీలో ఎవరికైనా, మీ పిల్లలకైనా, విదేశంలో ఇల్లు వెతుక్కునేటప్పుడు ఇలాంటి ప్రశ్న ఎదురైతే నాకు విడిగా రాయండి. వచ్చే భాగం 33ఎ గదిలోంచి.

జై భీమ్.